కరెంటును నీళ్లనుకున్న డబ్బా

ఇంకో గంటలో కరెంటు ఇస్తానని చెప్పి లైన్‌మన్ రఘుపతి నిచ్చెన భుజాన వేసుకొని పాడైన ట్రాన్స్‌ఫార్మర్ దిక్కు పోయాడు. లైన్‌మన్ గంటా గడియారం గంటా ఒకటి కావని ఆ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు, అయినా శ్రీవాణి గడియారం చూసుకుంది, షాద్‌నగర్‌లో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసినవాళ్లకు అదో జబ్బు, చూసుకొని బోరు పక్కనున్న బండ మీద కూర్చుంది. బండ కాలింది. లేచి చున్నీ మడిచి వేసుకొని మళ్లీ కూర్చుంది. అన్న లింగస్వామి అటు కొట్టం నీడలో, బోర్లించిన బత్తాయి ట్రే మీద కూర్చున్నాడు, అన్నకూ చెల్లెకూ మధ్య గట్టిగా పది అడుగులు లేవు, ఆ పది అడుగుల నడుమ వదిన పుష్పమ్మ నిలబడి ఉంది. "ఆమెకు ఎండ తగులుతాంది, గీ నీడకు రమ్మను," అన్నాడు లింగస్వామి పెళ్లాంతో. "మీ అన్న నీడకు రమ్మంటుండు," అంది పుష్పమ్మ. "పర్వలేదు వదినా," అంది శ్రీవాణి. "పర్వలేదంట," అని పుష్పమ్మ అటు తిరిగి మొగుడికి అప్పజెప్పి, "ఏడాదాయె, మీ ఇద్దరి నడుమ నేనో తీగెనైన," అని ఎవరితోనూ కాకుండా అని, కొంగుతో మొహం తుడుచుకొని, ఎండకూ నీడకూ మధ్య గీత మీదే చతికిలబడింది.

కొట్టం గోడకు పొద్దున బిగించిన డబ్బా వైపు చూడొద్దని శ్రీవాణి ఎంత అనుకున్నా కళ్లు అటే పోతున్నాయి. అరచేతి కన్నా కొంచెం పెద్దది, బూడిదరంగు ప్లాస్టిక్, ముందర చిన్న తెర, షాద్‌నగర్‌లో ఆమె పనిచేసే చిన్న కంపెనీలో ఆమే కూర్చొని రాసిన ప్రోగ్రాం దాని లోపల ఉంది. మోటారుకు కాపలా ఉండటం దాని పని. కరెంటు రాగానే బోరు లోపల మోటారు మీద ఎన్ని అడుగుల నీళ్లు నిలిచాయో చూస్తుంది, ముప్పై అడుగులుంటే మోటారును నడుపుతుంది, లేకుంటే నడపదు, నీళ్లు లేకుండా తిరిగిన మోటారు కాలిపోతుంది కనుక. ఇంతే పని. నిరుడు ఎండాకాలం ఈ ఇంత పనీ అది చేయలేదు, తోటలో తూర్పు సగం ఎండిపోయింది. ఇవాళ చేస్తే పడమటి సగం సంగతి తేలుతుంది. అవతల రోడ్డు మీద ఐలేశం కట్టెకోత మిషన్ కట్టిన ట్రాక్టరు ఆపుకొని బీడీ కాలుస్తున్నాడు, పొద్దున వచ్చి చెట్ల మొదళ్లు చూసిపోయాడు, బోరులో నీళ్లుంటే తన దారిన పోతాడు, లేకుంటే రేపు ఈ పచ్చగా మిగిలిన చెట్లనూ కోసి పట్టుకుపోతాడు. దీనికి లింగస్వామి ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నట్టు చెల్లెతో చెప్పలేదు, పుష్పమ్మతో చెప్పాడు, ఒక్కసారి పెట్టి సూద్దాం, గా డబ్బ ఏం చెప్తదో ఇనుకొని గదే చేద్దాం అని. ఉన్నాయని చెప్పు, అని శ్రీవాణి డబ్బాను మనసులో వేడుకుంది. వేడుకున్నందుకు మరుక్షణమే సిగ్గుపడింది, ఉన్నది ఉన్నట్టు చెప్పే డబ్బాను తెచ్చి ఇక్కడ పెట్టడానికే కదా తనకు ఏడాది పట్టింది, ఇప్పుడు దాన్ని మళ్లీ ముద్దుమాటలు చెప్పమనడమేమిటి. అయినా ఉండాలి. ముప్పై అడుగులు ఏమంత పెద్ద కోరిక, వానాకాలం బాగానే పడింది కదా, పక్క పొలం వాళ్ల బోరు పోస్తూనే ఉందట కదా, ఉండాలి.

గాలి లేదు. తూర్పు దిక్కు ఎండిన చెట్ల మీద ఆకు లేదు కనుక అటు చూస్తే పక్క ఊరి సెల్ టవర్ దాకా కనిపిస్తోంది, పోయినేడు ఇక్కడ కూర్చుంటే ఏమీ కనిపించేది కాదు, బత్తాయి చెట్లు పొట్టివే అయినా కళ్లకు అడ్డం నిండుగా ఉండేవి, కట్టంగూర్ నుంచి వచ్చే బస్సు హారన్ వినబడేది గాని బస్సు కనిపించేది కాదు. కొట్టం చూరుకు ఆ మూడు బల్బులు ఇంకా వేలాడుతున్నాయి, దుమ్ము కొట్టుకొని, ఎరుపు పసుపు నీలం రంగులు వెలిసి మూడూ ఒకే మట్టిరంగులోకి వచ్చి. బాపు పెట్టించినవి. మూడు తీగెల్లోనూ కరెంటు వస్తేనే మోటారు తిరుగుతుంది, రెండింటితో తిప్పితే కాలిపోతుంది, ఏది వచ్చిందో ఏది రాలేదో తెలియడానికి తీగెకో బల్బు. అప్పట్లో కరెంటు ఎప్పుడు వస్తుందో ఇచ్చే సర్కారుకే తెలియదు, బడి నుంచి రాగానే అన్నాచెల్లెళ్లిద్దరికీ ఇదే డ్యూటీ, ఈ బండ మీద కూర్చొని మక్కజొన్న కంకులు కొరుక్కుంటూ బల్బులు చూడటం. ఆమెకు కళ్లు వాడి, అన్నకు కాళ్లు వాడి. మూడోది వెలిగీ వెలగకముందే ఆమె "త్రీ ఫేజొచ్చిందన్నా!" అని తోట దద్దరిల్లేట్టు అరిచేది, ఆ అరుపు అయిపోకముందే అన్న కొట్టంలో ఉండేవాడు, చెప్పులు ఇక్కడే ఉండేవి. ఆమె ఏనాడూ మోటారు గుండీ నొక్కలేదు, అతను ఏనాడూ బల్బుల వైపు చూడలేదు, ఎవరి పని వాళ్లది, ఒకరి మీద ఒకరికి అంత ధీమా. ఇంజినీరింగ్‌లో సారు బోర్డు మీద సిగ్నల్ అని రాసి, ఒకటి మారినప్పుడు అది కేక వేస్తుంది, ఆ కేక కోసం కాచుకున్న ఇంకొకటి తన పని తాను చేసుకుపోతుంది అని చెబితే ఆమె క్లాసులో పకపకా నవ్వింది, ఎందుకు నవ్వావంటే చెప్పలేకపోయింది, సారు నిలబెట్టాడు.

నీళ్లున్నాయో లేదో అప్పుడు ఎవరూ అడగాల్సిన పని లేదు. అప్పుడున్నది బాయి, బోరు కాదు. అన్న గుండీ నొక్కే ముందు ఒక్క క్షణం బాయిలోకి తొంగి చూసేవాడు, నీళ్లు కనిపించేవి, లేకుంటే అడుగున బురద కనిపించేది, కంటికి తెలిసిపోయేది. బాయి ఎండి బోరు వేసినప్పటి నుంచే ఈ తిప్పలు, బోరులోకి తొంగి చూస్తే చీకటి తప్ప ఏం కనిపిస్తుంది, ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పినవాళ్లను నమ్మాలి. తర్వాత తెలంగాణ వచ్చింది, కొన్నేళ్లకు పొలాలకు రాత్రీ పగలూ కరెంటు వచ్చింది, ఊరు ఊరంతా మురిసిపోయింది, ఎవరిని కాదనగలం, పాములూ తేళ్లూ తొక్కుకుంటూ రాత్రిళ్లు బాయిల కాడ పడిగాపులు కాసినవాళ్లు మురవక ఏం చేస్తారు. కరెంటొచ్చిందంటే నీళ్లొచ్చినట్టే అనుకున్నారు. ఇన్నేళ్లూ నీళ్లకు అడ్డం పడ్డది కరెంటే కనుక, అడ్డం తొలగితే ఇక నీళ్లకేం కొదవ అనుకున్నారు, మడికో బోరు వేశారు, ఆటోస్టార్టర్లు బిగించి ఇంట్లో పడుకున్నారు, కరెంటు రావడమే ఆలస్యం మోటార్లు వాటంతటవే గుంజుకున్నాయి, కింద నీళ్లు లోతుకు పోయాయి. ఆటోస్టార్టర్లు తీసేయండని సర్కారు వాళ్లు ఊరూరా చెప్పినప్పుడు ఈ ఊళ్లో ముందుగా తీసేసినవాడు లింగస్వామే. మా చెల్లె తెలివిగల డబ్బ చేస్తాంది, నీళ్లు సూసి గాని మోటరు ఎయ్యదు, అని అందరికీ చెప్పి మరీ తీసేశాడు.

"చాయ్ తాగుతదా అడుగు," అంటున్నాడు అన్న. పుష్పమ్మ అడగలేదు, లేచి ఇంట్లోంచి తెచ్చిన ఫ్లాస్కు మూత తిప్పి గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. చక్కెర ఎక్కువైంది, ఆమెకు చక్కెర ఎక్కువ వేసి తాగే అలవాటు చిన్నప్పుడు, ఇప్పుడు మానేసింది, ఆ సంగతి వీళ్లకు తెలిసే వీలెక్కడ ఇచ్చింది. తాగింది.

ఆ డబ్బాలోని చిప్పు చిన్నది, కొత్త భాషల హంగులు మోసే శక్తి దానికి లేదు, అందుకని సి భాష. సి జొన్నరొట్టె లాంటిది, ఏ ఇంట్లోనైనా చేసుకోవచ్చు, నమిలే ఓపిక ఉండాలంతే. అందులో వస్తువులనేవి, ఆబ్జెక్టులంటారే అవి, పుట్టుకతో ఉండవు, ఉన్నట్టుగా మనమే కట్టుకోవాలి. బోరు ఒక వస్తువు, నీళ్ల ఎత్తు దాని గుణం, వోల్టేజీ ఇంకో గుణం. గుణం మారితే బోరు సిగ్నల్ ఇస్తుంది, బండ మీద కూర్చున్న చెల్లె కేక. ఆ కేక విని మోటారు నడపాలో వద్దో తేల్చే కోడు ముక్క, ఫంక్షన్ అంటారు దాన్ని, ఇంకోచోట ఉంటుంది, పరుగెత్తే అన్న. ఈ కేకకు ఈ పరుగును ముడివెయ్యి అని ఒక్క వాక్యం రాయాలి, ప్రోగ్రాం మొత్తంలో సి కళ్లు మూసుకునేది సరిగ్గా ఆ వాక్యం దగ్గరే. మామూలుగా, రాసిన కోడును చదివి చిప్పు భాషలోకి మార్చే కంపైలర్ చండశాసనుడు, ఒక్క చుక్క తప్పితే పనంతా ఆపి అరుస్తుంది, కానీ ఈ ముడి వేసేటప్పుడు ఫంక్షన్‌కు ఒక ముసుగు తొడిగి ఇవ్వడం రివాజు, ముసుగు కింద ఎవరున్నారో అది ఎత్తి చూడదు. సిగ్నల్ రెండు అంకెలు మోసుకొస్తుంది, మొదటిది వోల్టులు, రెండోది అడుగులు. అందుకునే ఫంక్షన్‌ను శ్రీవాణి మొదటిది అడుగులు, రెండోది వోల్టులు అనుకొని రాసింది. అంతే జరిగింది. వోల్టేజీ ఎక్కువ తక్కువలు పాత స్టార్టరే చూసుకునేది కనుక ఆ ఫంక్షన్‌కు రెండో అంకెతో పనే లేదు, అందువల్ల ఎక్కడా ఏ తేడా బయటపడలేదు. కరెంటు వస్తే నాలుగు వందల పైచిలుకు వోల్టులు. డబ్బా వాటిని నాలుగు వందల పైచిలుకు అడుగుల నీళ్లనుకుంది. కరెంటును చూసి నీళ్లనుకుంది. ఊరంతా చేసిన పొరపాటునే ఆమె ఏసీ గదిలో కూర్చొని కీబోర్డుతో చేసింది.

శ్రవణ్‌కుమార్ చెప్పనే చెప్పాడు, అది ఇంకా బాధ. ఆలేరు దగ్గర నేత ఇంటి నుంచి వచ్చినవాడు, ఆఫీసులో ఆమె పక్క కుర్చీ. "మేడమ్, అడుగులకో టైపు, వోల్టులకో టైపు వేరువేరు పెడదాం. ఒక్కో సిగ్నల్‌కు దాని సొంత ముడి ఫంక్షన్ రాద్దాం, ముసుగు లేకుండ. ఒకదాని జాగల ఇంకోటి పెడితె కంపైలరే ఆపుతది," అన్నాడు. రెండూ అంకెలే గద శ్రవణ్, అందామె. "మా ఇంట్ల రంగు అద్దకముందే దారానికి ముడులేస్తరు మేడమ్. రంగు పోవద్దన్న జాగల పోనే పోదు, మనం పరధ్యానంగున్న గూడ పోదు. గట్ల చేద్దామంటున్న," అన్నాడతను. వారం పని, చూద్దాంలే అంది, ఆ చూద్దాంలే అన్నది తన గొంతే, ఎంత తేలిగ్గా వచ్చిందో. అప్పటికింకా తెర బిగించని డబ్బాలో ముప్పైకి బదులు రెండు అడుగులని పెట్టి, డ్రమ్ములో నీళ్లు పోసి సెన్సారు ముంచి పరీక్ష చేశారు, మోటారు తిరిగింది, చప్పట్లు కొట్టారు. డ్రమ్ము ఖాళీ చేసి కూడా చూద్దామని అతనన్నాడా, తానే అనుకుందా, ఇప్పుడు గుర్తులేదు, అన్నంవేళైంది, డ్రమ్ము అలాగే ఉంది, వెళ్లి తిన్నారు. నీళ్లున్నప్పుడు నడిచింది కనుక నీళ్లు లేనప్పుడు ఆగుతుందని ఎవరు చెప్పారు నీకు, అని తన్ను తాను ఎన్నిసార్లు అడిగిందో. ఆ డబ్బాకు లోకం మీద మొదటి బోరు అన్న బోరే. ముందు మనోళ్ల దగ్గర పెడదాం, బాగుంటే బయటికి ఇద్దాం అని తానే అంది, మనోళ్ల మీద ఎంత ప్రేమో.

పెట్టిన రోజు ఈ కొట్టం దగ్గర చిన్నపాటి జాతర. లింగస్వామి తెల్లచొక్కా వేసుకున్నాడు, డబ్బాకు పసుపు కుంకుమ పెట్టించాడు, వచ్చినవాళ్లందరికీ బత్తాయి రసం పోశాడు, "మా చెల్లె చేసింది, బోరు లోపలికి సూస్తది," అని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి తెర దగ్గరికి తీసుకుపోయాడు. నాలుగొందల పదకొండు. అంత లోతు నీళ్లు ఈ మట్టిలోనా అని ఒక ముసలాయన నోరు తెరిచాడు. లింగస్వామి మెడ నిటారైంది. అన్నకు అంత గర్వం తెచ్చిపెట్టగలిగానని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది, ఫొటో తీసింది, ఆ ఫొటో ఇంకా ఫోనులో ఉంది, తీసేయడానికీ చెయ్యి రాదు, చూడటానికీ మనసు రాదు.

నిరుడు ఇదే ఎండ. మధ్యాహ్నం వదిన ఫోన్. "వాణీ, పైపుల గాలే వస్తాంది, నీళ్లు సన్నగ వడుతున్నయి, జర సూడు." ఆమె తన ముందున్న తెర చూసింది, షాద్‌నగర్ నుంచే కనిపించేటట్టు చేసుకుంది కదా. నాలుగొందల పన్నెండు. "మస్తు నీళ్లున్నయి వదినా, డ్రిప్పు పైపులు మూసుకపోయినయేమో, కడుగుండ్రి," అంది. వాళ్లు పొద్దంతా యాసిడ్‌తో పైపులు కడిగారు. మళ్లా వదినే, "కడిగినం, గట్లనే ఉన్నది." మళ్లా ఆమె, "ఉన్నయి వదినా, నేను సూస్తున్న గద." సూస్తున్న గద. కన్నంత మాత్రాన చూసినట్టేనా. కరెంటు పోయినప్పుడల్లా ఆ అంకె సున్నా అయ్యేది, అదీ చూసింది, కరెంటు లేకుంటే సెన్సారు నిద్రపోతుందేమో అనుకుంది, కరెంటుతో పాటు పోయి కరెంటుతో పాటు తిరిగొచ్చే నీళ్లు ఏ లోకంలోనైనా ఉంటాయా అని ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే సరిపోయేది, ఆ ఒక్క నిమిషం ఆమె దగ్గర లేదు, మీటింగులున్నాయి. అన్న అంతకన్నా మించినవాడు. బోరు గొట్టం మూత తీసి రాయి వేశాడట, చెవి ఆనించి విన్నాడట, బుడుంగుమన్నది అన్నాడట, పక్కనే చెవి పెట్టిన పుష్పమ్మకు ఏ చప్పుడూ వినబడలేదు. డబ్బా నాలుగొందలంటే రాయి కూడా బుడుంగుమనక ఏం చేస్తుంది. చెల్లె అబద్ధం చెప్పదని అతను, యంత్రం అబద్ధం చెప్పదని ఆమె, పచ్చిగాలి కక్కుతున్న పైపు ముందు నిలబడి పుష్పమ్మ ఒక్కతే.

మోటారు కాలింది. పైకి తీసి వైండింగ్ చేయించి దించారు. ఏదో మోటారులోనే లోపం ఉంటుందన్నారు, అన్నది ఆమే. డబ్బా మళ్లీ నాలుగొందలు చూపించింది, నీళ్లున్నాయన్న ధైర్యంతో అన్న ట్యాంకరు పిలవలేదు, పక్కవాళ్లు ఇస్తామన్న ఒక తడి నీళ్లు కూడా వద్దన్నాడు, మాకు మస్తున్నయి అన్నాడు. మోటారు మళ్లీ కాలింది, మళ్లీ చేయించి దించారు. ఈలోపు తూర్పు దిక్కు ఆకులు ముడుచుకున్నాయి, పిందె రాలింది, కొమ్మలు పై నుంచి ఎండుకుంటూ కిందికి వచ్చాయి. చెట్టు ఎండటం ఒక్కరోజులో జరగదు, రోజూ కొంచెం కొంచెం చూస్తూ ఉండాలి, ఆ చూడటం అన్నకు పడింది. చివరి ఫోన్ అతనే చేశాడు. అరవలేదు. "నా పెండ్లాం చెప్తె నమ్మలే. మోటరు కాలి చెప్తె నమ్మలే. డబ్బ చెప్తె నమ్మినవ్ చెల్లె," అన్నాడు, పెట్టేశాడు, ఆ తర్వాత అతని నోట ఆమెకు ఒక్క మాట లేదు. బతుకమ్మ పండుగకు వస్తే చీర పెట్టాడు, పుష్పమ్మ చేతి మీదుగా. రంగు మాత్రం ఆమెకు ఇష్టమైన రంగే.

ట్రాన్స్‌ఫార్మర్ దిక్కు నుంచి రఘుపతి ఎవరినో తిడుతున్న గొంతు సన్నగా వస్తోంది. అంటే ఇంకా కాలేదు. లేదా అయిపోవచ్చింది, అతను పని అయిపోవచ్చేటప్పుడే తిడతాడు. కాకపోతే బాగుండు, అనిపించింది శ్రీవాణికి, ఈ గంట ఇలాగే ఉండిపోతే బాగుండు, కరెంటు రానంతసేపూ నీళ్లు ఉన్నట్టే కదా.

తప్పు ఆమెకు దొరకలేదు, కంపైలరే చూపించింది. మోటారు రెండోసారి కూడా కాలాక ఇక శ్రవణ్ చెప్పినట్టే చేద్దామని కూర్చున్నారు. అడుగులకు సొంత టైపు, వోల్టులకు సొంత టైపు, ఒక్కో సిగ్నల్‌కు దాని కొలతకు సరిపోయే ఫంక్షన్‌నే కట్టనిచ్చే ముడి, గుణాల పేర్లు కొటేషన్ల మధ్య చేతితో రాసే పద్ధతి కూడా పోయింది, పేరు తప్పినా రకం తప్పినా కంపైలరే ఆపేస్తుంది. వారం అనుకున్నది వారం కూడా పట్టలేదు. పాత కోడంతా ఆ కొత్త కట్టడిలో పోసి మీట నొక్కింది. ఎర్రటి వాక్యం ఒక్కటి, ఆమె రాసిన ఆ ఒక్క ముడి దగ్గర: ఇక్కడికి రావలసినవి అడుగులు, వచ్చినవి వోల్టులు. అంత మామూలుగా, పొద్దున పేపరులో వాతావరణం చెప్పినట్టు. శ్రవణ్ చదివాడు, నేను చెప్పిన గద అని ఒక్క మాట అంటే ఆమెకు కాస్త తేలికయ్యేది, అనకుండా చాయ్ తాగొస్తానని బయటికి పోయాడు. ఆమె ఆ వాక్యం ముందు కూర్చొని ఏడ్చింది. ఆఫీసులో ఏడవడం అదే మొదలు. కోడు తప్పినందుకు కాదు, అవి రోజూ తప్పుతాయి, అదే బతుకుదెరువు. వదిన గాలి వస్తాంది అన్నప్పుడు ఆ మాట బరువెంతో చూడకుండా, వదిన మాటా ఒక మాట, డబ్బా మాటా ఒక మాట, రెండూ మాటలే గద అని పక్కకు నెట్టినందుకు. ఇరవై ఏళ్లు ఆ పైపుల నోళ్ల దగ్గర నిలబడిన మనిషి మాటకూ తన తెర మీది అంకెకూ ఏ తేడా లేనట్టు. ఆ ముడి సరిచేయడానికి రెండు పదాలు అటుదిటు చేస్తే సరిపోయింది. మిగతాది ఎక్కడ సరిచేయాలో ఏ ఎర్ర వాక్యమూ చెప్పలేదు. అన్నకు ఎన్నోసార్లు ఫోన్ చేయబోయింది, వోల్టులు, అడుగులు అని మొదలుపెట్టి ఎలా చెప్పాలి, చెబితే మాత్రం చెట్టు చిగురిస్తుందా, చేయకుండానే ఏడాది గడిచింది, ఆ ఏడాదికి మాత్రం కంపైలర్‌నూ సి భాషనూ తిట్టడానికి వీల్లేదు.

పుష్పమ్మ గ్లాసు తీసుకోవడానికి వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. "ఉంటయా వాణీ?" అంది చిన్నగా. అన్నకు వినబడకుండా అడిగినట్టే అడిగింది గాని ఆ పది అడుగుల్లో వినబడకపోవడమేముంది, అతను తల ఇటు తిప్పకుండానే చెవి ఇటు పెట్టాడు. తెలవదు వదినా, అంది శ్రీవాణి. ఈ మాట నిరుడు అంటే ఎంత బాగుండేది. పుష్పమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది, చెయ్యి గరుగ్గా, చల్లగా ఉంది, అప్పుడే తమ గ్లాసులు కడిగొచ్చిన చెయ్యి.

అప్పుడు వెలిగింది. ముందు ఒకటి, దుమ్ములో ఎర్రదేమో అన్నట్టు, వెంటనే రెండోది. మూడోది వెలగలేదు. రఘుపతి గొంతు మళ్లీ ఏదో తిట్టింది, మూడోది చిన్నగా మినుకుమని నిలబడింది, ఇంకా పూర్తిగా నిలబడకముందే శ్రీవాణి గొంతులోంచి ఆమె పిలవకుండానే ఎక్కడో అడుగునున్న చిన్నపిల్ల లేచి అరిచేసింది, "త్రీ ఫేజొచ్చిందన్నా!" అని. లింగస్వామి అప్పటికే లేచాడు. ట్రే వెనక్కి పడింది, చెప్పులు అక్కడే ఉన్నాయి, రెండంగల్లో కొట్టంలో ఉన్నాడు, నెరిసిన తలతో, మోకాళ్ల నొప్పితో, చెయ్యి గుండీ కోసం గోడ మీదికి పోయి డబ్బా దగ్గర ఆగిపోయింది. గుండీ లేదు. ఇప్పుడా పని చెయ్యాల్సింది డబ్బా. ఆమె వెనకే పరుగెత్తుకొచ్చింది, పుష్పమ్మా వచ్చింది, ముగ్గురి మొహాలు ఆ చిన్న తెర ముందు. వోల్టులు నాలుగొందల ఎనిమిది, వోల్టుల స్థానంలోనే, ఎంత బుద్ధిగా. దాని కింద అడుగుల చోట గీత ఒకటి కొట్టుకుంటోంది, చూస్తోంది, కొలుస్తోంది. ఉంటే టక్కుమంటుంది, మోటారు అంటుకుంటుంది, కింద భూమి అదురుతుంది. ముగ్గురూ ఆ చప్పుడు కోసం కాచుకున్నారు. గీత పోయి అంకె వచ్చింది. పక్కన ఎర్రచుక్క వెలిగింది. చప్పుడు రాలేదు.

"ఎన్ని ఫీట్లు?" అన్నాడు లింగస్వామి. పుష్పమ్మ అలవాటుగా ఆడబిడ్డ వైపు తిరిగి నోరు తెరిచింది, అతను తనను అడగలేదని తెలిసి మూసుకుంది. సంచిలో ల్యాప్‌టాప్ ఉంది, ముప్పై అన్నచోట అయిదు అని మారిస్తే చాలు, మోటారు తిరుగుతుంది, కాసేపు పైపుల్లో నీళ్లు చిమ్ముతాయి, ఐలేశం పోతాడు, అన్న నవ్వుతాడు. ఆ ఆలోచన వచ్చినంతసేపూ వచ్చింది, ఆమె దాన్ని పోనిచ్చింది.

"ఏడన్నా."

"ఏడేనా."

"ఏడే. ముప్పై ఉండాలె."

అతను తెర మీదికి వంగి ఆ ఏడును చూశాడు, వేలితో దుమ్ము తుడిచి మళ్లీ చూశాడు. "నిరుడు గూడ గింతే ఉండెనా?" అన్నాడు. "గింతనే ఉండొచ్చన్నా. నేను కరెంటును చూసి నీళ్లన్న," అంది శ్రీవాణి, వోల్టులూ అడుగులూ ఏమీ లేకుండానే ఏడాదిగా చెప్పలేనిది నాలుగు మాటల్లో అయిపోయింది. లింగస్వామి బయట బోరు గొట్టం వైపు చూసి, "మరి నాకు రాయి సప్పుడు ఇనొచ్చె గదనే," అన్నాడు, ఎవరైనా అవునంటే బాగుండునన్నట్టు. ఆ చప్పుడు అతనికి వినబడేలా చేసింది శ్రీవాణే.

ఫోను తీశాడు. రోడ్డు మీద కనిపించేంత దూరంలో ఉన్న మనిషిని పిలిచి చెప్పొచ్చు, కానీ ఫోనే చేశాడు. "ఐలేశం, పొద్దుగాల రా. ఆఁ, పడమటి దిక్కుయి గూడ." ట్రాక్టరు మొదలైన చప్పుడు అయింది, దూరమైంది. తర్వాత అతను చొక్కా జేబులో ఫోను పెట్టుకొని, ఆమె వైపే తిరిగి, ఆమెనే చూస్తూ అన్నాడు. "డబ్బ ఇప్పుకొని పో చెల్లె. మంచిగ పనిచేస్తాంది. ఎండిన బోరు కాడ పెట్టుకొని నేనేం జేత్త, నీళ్లున్నోని కాడ పెట్టు."

ఆమె సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసింది. పొద్దున తానే బిగించిన మరలు, గట్టిగా బిగించింది, ఏళ్ల పాటు ఉంటుందనుకొని. స్క్రూడ్రైవర్ మర తల మీద నిలవడం లేదు. లింగస్వామి కింద పడకుండా డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నాడు. "మెల్లగ," అన్నాడు. ఒక్కో మరా తీసి ఆమె వదిన చేతిలో పెట్టింది. ఆఖరి మర ఊడేదాకా డబ్బా అన్న చేతుల్లోనే ఉంది, తీగె తీసేదాకా దాని తెర మీద ఏడు అలాగే ఉంది.